నలభై ఒకటో పూత

మా బావ ఎల్లాజీ కుడిచేతి బొటనవేలంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో అందరికీ గురి. పడవకి రంగు వేశాక ఆరిందో లేదో తేల్చేది ఆ వేలే. వేలిని పూత మీద ఆనించి, కాస్త నొక్కి, తాళం తిప్పినట్టు పావు వంతు తిప్పి తీస్తాడు. ముద్ర పడితే ఇంకా పచ్చి. పడకపోతే పడవ నీళ్లలోకి దిగుతుంది. రంగు మేస్త్రీలందరూ అలాగే చూస్తారు గాని, మిగతావాళ్ల మాట మీద పడవ దించడానికి యజమానులు ఒక పూట ఆలోచిస్తారు. బావ మాట మీద ఆలోచించరు.

నాకు ఆ వేలంటే ఒళ్లు మంట. నేను గాజువాక దగ్గర ఒక పెయింట్ల ఫ్యాక్టరీలో కెమిస్టుని. మా పేటలో బీయస్సీ చదివిన మొదటి ఆడపిల్లని. బావతో పెళ్లినాటికే ఉద్యోగం చేస్తున్నాను. పూత మందం కొలవడానికి మీటరుంది, ఆరే టైము చూడటానికి గడియారముంది, డబ్బా మీద నేను రాసిన సూచనలున్నాయి. ఇన్ని ఉండగా వేలెందుకు బావా అని పెళ్లయిన కొత్తలో రోజూ దెబ్బలాడేదాన్ని.

"నీ మీటరుకి తెలిసేది మందం, బానూ. పూతకి మనసు కుదిరిందో లేదో ఏలికే తెలుస్తాది," అనేవాడు.

"పూతకి మనసేటి?"

"మరి నువ్వు దానికి తోడెడతన్నావు గదా. తోడెట్టినదానికి మనసుండదేటి?"

అప్పుడు నవ్వాను. మూర్ఖురాలిని, ఆ మాట రాసిపెట్టుకోవాల్సింది.

తోడు అన్నమాట బావ పెట్టిందే. ల్యాబులో దానికి పెద్ద పేరుంది, కాని చేసే పని తోడు పనే. పడవ అడుగుకి పట్టే గుల్లలు చూసే ఉంటారు. సముద్రంలో ఉన్న సున్నాన్ని తీసుకుని తమ చుట్టూ గోడ కట్టుకుంటాయి. ఒకసారి అంటుకుంటే ఉలి పెట్టి కొట్టినా ఊడవు. పడవవాళ్లకి అవి ఆగర్భశత్రువులు. ఆ శత్రువు దగ్గరే విద్య దొంగిలిద్దామనుకున్నాను. గుల్ల గోడ కట్టే పదార్థాన్ని రంగులో కలిపితే, పూత ఎక్కడ గీరుకున్నా నీళ్లలో సున్నాన్ని తీసుకుని అదే మూసుకుంటుంది. పాలలో తోడు పడ్డట్టు పూత నిండా ఆ గింజలుంటాయి. ఎక్కడ చిరిగితే అక్కడికి చుట్టుపక్కల గింజలన్నీ పరిగెత్తుకొస్తాయి.

నలభై సార్లు చెడింది. కొన్ని మూసుకోలేదు. కొన్ని మూసుకోవడం ఆపలేదు, రేకు మీద పుట్టలా పెరిగాయి. నలభై ఒకటోదానికి ఒక పగ్గం వేశాను. చుట్టూ సముద్రమంత ఉప్పు ఉంటే, చిరుగు మూసుకోగానే గింజ నిద్రపోతుంది. అంతే. ఇరవై రేకుల మీద చాకుతో గీసి హార్బర్ నీళ్లలో వేలాడదీశాను. మర్నాడు తీసి చూస్తే గీత ఉన్నచోట సన్నటి తెల్లచార, దాని మీద నీళ్లు జారిపోతున్నాయి. నేను రేకులు పట్టుకుని ల్యాబు మధ్యలో కూర్చుని ఏడ్చాను.

"మంచినీళ్లలో కూడా చూద్దామాండీ?" అని మా ఎండీ సుందరశివరావు గారిని అడిగాను.

"సముద్రంలో తిరిగే పడవకి మంచినీళ్ల పరీక్ష దేనికమ్మా?" అన్నారాయన.

నిజమే కదా అనిపించింది. ఈ కథలో పాపం అంటూ ఒకటుంటే అది ఆయన ప్రశ్న కాదు. అది నిజమే కదా అని నాకనిపించడం.

మొదటి పూత మా మరిది దానయ్య బోటు 'నూకాలమ్మ'కి వేశాం. వేసింది బావే. ఎనిమిది గంటలు ముట్టుకోరాదని డబ్బా మీద ఎర్ర అక్షరాలతో రాశాను. నాలుగో గంటకి బావ వేలు పెట్టాడు, తిప్పాడు, ముద్ర చూసుకుని తల ఊపాడు. వేలి పగుళ్లలో పూత దిగబడింది. థిన్నర్‌తో రుద్దినా పోలేదు. ఇసకరాయితో గీకితే మూడోరోజుకి మళ్లీ నున్నగా తయారైంది.

"ఇదిగో, నా ఏలికి తుప్పట్టదింక," అని హార్బరంతా చూపించుకొచ్చాడు.

ఆరేళ్లలో నూకాలమ్మ అడుగున ఒక్క గుల్ల పట్టలేదు, గీరు లేని నున్నటి పూత మీద దానికి పట్టు దొరకదు. ఈ తీరం పొడుగునా పడవలన్నిటికీ మా పూతే. నన్ను సభలకి పిలిచి శాలువాలు కప్పారు. బావ చెయ్యి రోజూ ఉప్పునీళ్లలో నానుతూనే ఉంది, వేలు నున్నగా మెరుస్తూనే ఉంది.

ఆ చేతిని ఉప్పునీళ్లలోంచి బయటికి తీసింది నేనే. యాభై దాటాడు, నడుం నొప్పి, థిన్నర్ వాసనకి దగ్గు. చాలించమని పోరాను. మధురవాడలో ఫ్లాటు తీసుకున్నాం. పేటలో ఉప్పగా వచ్చే బోరునీళ్ల పీడ వదిలి, స్నానానికి కూడా సున్నం తీసేసిన మెత్తటి నీళ్లొచ్చే మిషను పెట్టించాను. బావ మొదటిరోజు ఆ నీళ్లు ముఖాన కొట్టుకుని, సబ్బు ఎంతకీ వదలటం లేదేటే అని విసుక్కున్నాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను చేసింది సరిగ్గా అదే.

ఎనిమిది నెలలకి ఒక ఆదివారం, చేపల పులుసన్నం కలుపుకుంటూ ఆగిపోయాడు.

"బానూ, ఇటు సూడు."

బొటనవేలు అన్నంలో అడ్డంగా వంగిపోయి ఉంది. ఉడికిన ములక్కాడ వంగినట్టు, ఏ కణుపు దగ్గరా కాకుండా మధ్యలో. నొప్పి లేదన్నాడు. ఎడంచేత్తో దాన్ని నిలబెట్టాడు, వదిలితే మళ్లీ వంగింది. అది పూత పనేనని ఇద్దరికీ తెలిసింది.

ఎముకల డాక్టరు ప్రమీలారాణి గారు ఎక్స్‌రే దీపానికి పెట్టి చాలాసేపు చూశారు. బొటనవేలి ఎముక ఉండాల్సినచోట గుల్లగా ఉంది. మణికట్టు నుంచి పైకి ఎముకల చుట్టూ సన్నటి తెల్లగీత, పెన్సిలుతో దిద్దినట్టు.

"ఇదేమిటో నేనెప్పుడూ చూడలేదు," అన్నారావిడ. "మీరేమైనా చెప్పగలరా?"

"చెప్పగలను," అన్నాను. "దాన్ని చేసింది నేనే."

ఆ మధ్యాహ్నమే ల్యాబులో తలుపేసుకుని, ఏడేళ్ల కిందట చేయాల్సిన పరీక్ష చేశాను. పళ్లెంలో మంచినీళ్లు పోసి, బావ వేలి మీంచి గీకిన పొట్టు ఒక అంచున వేసి, రెండో అంచున కోడిగుడ్డు పెంకు పెట్టాను. సాయంత్రానికి పొట్టు ఉన్నచోట లేదు. పెంకు మీద తెల్లగా మెరుస్తూ పరుచుకుని ఉంది. పుల్లతో తాకితే లోపల పెంకు పిండిలా రాలిపోయింది. ఉప్పు లేకపోతే దానికి నిద్ర లేదు. నిద్ర లేకపోతే ఆకలి. సున్నం ఎక్కడుంటే అక్కడికి నడిచిపోతుంది, మనిషి ఒంట్లో సున్నమున్నది ఎముకల్లోనే. రక్తంలో ఉప్పుంటుంది గాని సముద్రంలో నాలుగోవంతు. అది దాని పగ్గానికి చాలదు.

పొట్టుని ఉప్పునీళ్లలో వేస్తే ఆగింది. పరిగెత్తి ఇంటికెళ్లి బావ చేతిని ఉప్పునీళ్ల బకెట్లో పెట్టించాను. ఉప్పు చర్మం కింద కాస్త లోతు వరకే పనిచేసింది. అప్పటికి గీత మోచెయ్యి దాటింది. తాగించి లోపలికి పంపుదామంటే ఆ పాళ్లలో ఉప్పు మనిషిని చంపుతుంది. కాల్షియం బిళ్లలేశాను. నాలుగు రోజుల్లో గీత రెండింతలు మందమైంది. పెడితే పెరుగుతుంది, మానితే ఎముక తింటుంది. ఏం చేయాలో తోచక నేను వంటింట్లో నేల మీద కూర్చుని తల గోడకి కొట్టుకున్నాను.

"లెగు," అన్నాడు బావ బకెట్లో చెయ్యి పెట్టుకునే. "నలభైసార్లు సెడితే ఊరుకున్నావేటి?"

ఫ్యాక్టరీలో ఎండీ గారి బల్ల మీద ఒక ఫైలుంది. ఊళ్లలో మంచినీళ్ల ట్యాంకులకి లోపల మా పూత వేసే పథకం. సంతకం నాది. ఆయనకి ఎక్స్‌రే చూపించాను.

"ఒక్క మనిషి వేలమ్మా," అన్నారాయన మెల్లగా. "ఇంకెవరికీ రాలేదు కదా."

"సముద్రం ఒదిలి ఎళ్లినోళ్లనెవరడిగారండీ?" అన్నాను. కోపంలో నాకు పేట మాటే వస్తుంది. ఫైల్లోంచి నా సంతకమున్న కాగితాలు లాగి నాలుగు ముక్కలు చేశాను. ఆయన అడ్డుపడలేదు. ఎక్స్‌రే వంక చూస్తూ, బల్ల కింద తన బొటనవేలిని రెండో చేత్తో తడుముకుంటున్నారు.

డాక్టరు గారు భుజం దగ్గర చెయ్యి తీసేద్దామన్నారు. రోజు కుదిర్చి ముందురోజు ఎక్స్‌రే తీస్తే గీత భుజం దాటి మెడకింది ఎముక మీదికి పాకి ఉంది. కోసినా లోపల మిగులుతుంది. అక్కడినుంచి పక్కటెముకలు ఎంతో దూరం లేవు.

"పక్కటెముకలు మెత్తబడితే ఊపిరి తీసుకోలేరు," అన్నారావిడ. "వారం. పది రోజులేమో."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ల్యాబులో పాత నోట్సులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. దాన్ని చంపే మందు నా దగ్గర లేదు. చావకూడదనే కదా నలభైసార్లు చెడినా వదలకుండా చేశాను. చంపడం కుదరకపోతే పిలవాలి. మరి అది దేని పిలుపుకి కదులుతుంది? మొదటి పుటలో నా చేతిరాతతోనే ఉంది. ఎక్కడ పూత చిరిగితే అక్కడికి గింజలన్నీ పరిగెత్తుకొస్తాయి.

పాత రేకొకటి తీసి, పూతని చాకుతో చీల్చి, ఉప్పునీళ్ల తొట్టిలో పెట్టాను. డాక్టరు గారిని పక్కన నిలబెట్టుకుని బావ వేలికొసన చిన్న గాటు పెట్టించి, ఆ చీలిక మీద ఆనించాను. పావుగంటకి వేలికొస నుంచి తెల్లటి జీర చీలికలోకి దిగడం కళ్లారా చూశాం. మర్నాటి ఎక్స్‌రేలో మెడ దగ్గర గీత వెంట్రుకవాసి వెనక్కి వచ్చింది. ఆ ఒక్కరోజే. తరువాత మళ్లీ ముందుకి. పిండి కొద్దీ రొట్టె, చిరుగు కొద్దీ పిలుపు. జానెడు రేకు వేలికొస వరకే పిలవగలదు. చెయ్యంతా పిలవాలంటే చెయ్యంత చిరుగు కావాలి, ఏళ్ల తరబడి సముద్రంలో ముదిరిన పూత కావాలి.

అలాంటిది ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

"అది ఎల్లిపోతే సేతిలో ఏటి మిగుల్తాది?" అని అడిగాడు బావ.

అబద్ధం చెప్పాలనిపించింది. "ఏమీ మిగలదు బావా. భుజం నుంచి వేలి దాకా ఎముకున్నచోట ఇప్పుడున్నది అదే. వెళ్తూ సున్నమంతా పట్టుకుపోతుంది. చెయ్యి వేలాడిపోతుంది. మెడ దగ్గర ఎముక ఇంకా ఉంది, అది నిలుస్తుంది."

కాసేపు ఆ చేతిని చూసుకున్నాడు. నలభై ఏళ్లు బ్రష్షు పట్టిన చెయ్యి. "ఎడమది ఉంది గదా," అన్నాడు.

ఇంకొక మాట కూడా ఉంది, అది ఆపైన పెట్టి చూసిన రేకుల మీద తెలిసింది. చిరుగు మూసుకోకముందే చెయ్యి తీస్తే సగం గింజలు లోపలే ఉండిపోతాయి, మళ్లీ మొదలు. మూసుకుపోయాక తీద్దామంటే రాదు, పూత వేలిని కూడా తనలో కలిపేసుకుంటుంది. అప్పుడు దానికి మనిషి ఎక్కడ ఆగాడో తెలియదు, మెడా పక్కటెముకలూ కూడా లాగుతుంది. పచ్చి పోయి పట్టు వచ్చే ఆ ఒక్క నిమిషంలోనే తియ్యాలి. నీళ్లలో నా మీటరు పనిచేయదు. గడియారం చూద్దామంటే ప్రతి రేకూ ఒక్కో టైము చూపించింది.

దానయ్యకి సంగతి చెబితే నూకాలమ్మని ఒడ్డున నడుంలోతు నీళ్లలో తెచ్చి కట్టాడు. "పూత సీరీ ఒదినా. సెక్క దాకా సీరినా పర్లేదు," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం, పోటు నిలబడిన వేళ దిగాం. సూర్యుడు నెత్తిన ఉన్నాడు. డాక్టరు గారు చీర కుచ్చిళ్లు దోపుకుని మాతో పాటు నీళ్లలో నిలబడ్డారు. బోటు పక్కన నీటిమట్టానికి కింద, ఉలితో చెయ్యంత పొడుగున పూత చీల్చాను. ఇన్నేళ్ల నా పనితనం. చీలుస్తుంటే పళ్లు జిల్లుమన్నాయి. డాక్టరు గారు బావ అరచేతి పొడుగునా గాటు పెట్టారు. దానయ్య వెనకనుంచి అన్నని పొదివి పట్టుకున్నాడు. బావ ఆ చేతిని చీలికకి ఆనించాడు, పని మీద ఉన్నప్పుడు పెట్టినట్టే, బొటనవేలు ముందుగా.

మొదట ఏమీ జరగలేదు. తరువాత బావ పళ్లు బిగించాడు. చర్మం కింద ఏదో భుజం నుంచి కిందికి జారడం బయటికే కనబడింది. మోచెయ్యి దగ్గర ఆగింది, కదిలింది. భుజం దిగువ కండ మెల్లగా అణిగిపోయింది, గాలి తీసిన గొట్టంలా. బావ అరవలేదు. అమ్మా, అమ్మా అని చిన్నగా అంటూనే ఉన్నాడు. నేను ఆయన మొహం చూడకుండా చీలిక వైపే చూశాను. చూడలేక కాదు, చూస్తే ముందే లాగేస్తానని భయం.

చీలిక తెల్లబడుతోంది. నేను తొడుక్కున్న రబ్బరు గ్లవ్ వేలితో తాకాను. జారుతుందో అంటుతుందో తెలియలేదు. గట్టిగా నొక్కాను, ఏమీ తెలియలేదు.

"తీసీమంటావా ఒదినా?" అని దానయ్య అరిచాడు.

"ఆగు."

"ఇంకెంతసేపే?" అన్నారు డాక్టరు గారు. ఆవిడ నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

బావ కళ్లు తెరిచి నా గ్లవ్ చూశాడు. "దాంతో తెల్దు బానూ," అన్నాడు. అంతలోనే నేనేం చేయబోతున్నానో అర్థమై, "వొద్దు. వొద్దే," అన్నాడు.

గ్లవ్ పీకేశాను. ఇరవై ఆరేళ్లు నేను వెక్కిరించిన పనే చేశాను. బొటనవేలిని పూత మీద ఆనించి, కాస్త నొక్కి, పావు వంతు తిప్పాను. పచ్చి. వెన్నలో దిగినట్టు దిగింది. తీసి మళ్లీ పెట్టాను. పచ్చి. మూడోసారి పూత నా వేలిని కొంచెం పట్టుకుని, వదలాలా వద్దా అన్నట్టు ఆగి, వదిలింది. ఏ పుస్తకంలోనూ లేదది. పూతకి మనసు కుదరడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

"తియ్యి దానయ్యా."

పూత నుంచి చెయ్యి విడివడింది. నీళ్లలో ఆ చెయ్యి తడిబట్టలా అలలతో పాటు ఊగింది. బావ ఊపిరి తీసుకున్నాడు, మళ్లీ తీసుకున్నాడు. ఛాతీ లేస్తోంది. నేను ఆ ఛాతీ మీద తల పెట్టుకుని నీళ్లలోనే ఏడ్చాను. నూకాలమ్మ పక్కన చెయ్యంత పొడుగున తెల్లటి కొత్త అతుకు నున్నగా మెరుస్తోంది. మా బావ చెయ్యి అది.

ఆ సాయంత్రం ఎక్స్‌రేలో మెడకింది ఎముక ఉంది. పక్కటెముకలన్నీ ఉన్నాయి. తెల్లగీత ఎక్కడా లేదు.

ఆపైన నేను చేసిన మొదటి పని, మా పూత వాడిన మేస్త్రీలందరికీ కబురు పెట్టడం. సముద్రం వదిలి ఊళ్లకి పోవద్దు, పోయినవాళ్లు చెయ్యి ఉప్పునీళ్లలో పెట్టుకుని వెంటనే రండి అని. పదకొండు మంది వచ్చారు. తొమ్మిదిమందికి గీత ఇంకా వేళ్ల దగ్గరే ఉంది, రేకులు సరిపోయాయి. ఇద్దరికి సరిపోలేదు. ఒకతనికి దానయ్య రెండోసారి బోటు ఇచ్చాడు. రెండో అతను, పాతపట్నం అవతలి నుంచి వచ్చిన గురువులు అనే మేస్త్రీ, మా ల్యాబు గుమ్మం దాకా నడిచి వచ్చి, కూర్చుని, మళ్లీ లేవలేదు. ఆయన భార్య నన్నేమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బావుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

నలభై ఒకటోది ఇప్పుడు ఎవరూ తయారుచేయరు. నలభై రెండోదాని జోలికి నేను పోలేదు.

బావకి నేను వెంటనే చెప్పలేదు, దాచగలనా ఏమిటి. వారం తిరగకుండానే నా కుడిచేతిని తన ఎడంచేత్తో పట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, బొటనవేలిని వెలుగులో ఇటూ అటూ తిప్పి చూశాడు. గీతల మధ్య సన్నటి మెరుపు.

"పచ్చి మీద ఏలెట్టీసినావు," అన్నాడు.

"నువ్వు నేర్పిందే."

"రేకుల్తో తీయించీసుకో మరి."

"తీయించుకున్నాను బావా. రెండుసార్లు. మళ్లీ వచ్చింది. మూడుసార్లు పెట్టాను కదా, లోతుకి పోయినట్టుంది."

నా చెయ్యి వదల్లేదు. తరువాత, "ఈ కొంప కాళీ సేసీద్దాం. పేటకి పోదాం," అన్నాడు.

పేటకి వచ్చేశాం. పద్నాలుగు నెలలైంది. ఉప్పు బోరునీళ్లతోనే వంట, స్నానం. ప్రతి నెలా డాక్టరు గారు నా చేతికి ఎక్స్‌రే తీస్తారు. గీత వేలి మొదటి కణుపు దగ్గరే నిద్రపోతోంది, సముద్రాన్ని వదలనంత కాలం అక్కడే ఉంటుందని మా ఆశ. తెల్లారగానే బావ ఎడంచేత్తో బకెట్ పట్టుకుని అలల్లోకి దిగుతాడు, వేలాడే కుడిచేతిని చొక్కాచేతితో సహా మడిచి పిన్నీసు పెట్టి ఉంటుంది. సగం ఒలకబోసుకుంటూ తెచ్చి నా ముందు పెడతాడు.

"ఏలెట్టు," అంటాడు.

పెడతాను.